శివారు నుంచి ఆనకట్ట దాకా: మూడు రోజుల రాజమహేంద్రవరం

మాది కోనసీమలో శివారు ఊరు. కాలువ నీళ్ళు బొబ్బర్లంక దగ్గర బయలుదేరి, లొల్ల లాకులు దాటి, గన్నవరం అక్విడక్టు మీదుగా గోదావరి పాయ వైనతేయను దాటి, ఊళ్ళకు ఊళ్ళు తడిపి, ఆఖరున మా చేలకు వస్తాయి. మా ఊళ్ళో ఇద్దరు రైతులు ఎదురుపడితే మొదట మాట్లాడుకునేది నీళ్ళ సంగతే. మా మావయ్యగారు ఆ కాలువ మీదే ముప్పై మూడేళ్ళు లస్కరుగా పనిచేశారు. షట్టరు ఎత్తడం, దించడం, గేజీలో నీటి మట్టం చూసి పుస్తకంలో రాయడం, గట్టుకు గండి పడితే రాత్రంతా ఇసుక బస్తాల మధ్యే ఉండటం ఆయన కొలువు.

పోయిన కార్తీకంలో ఐదో తరగతి చదివే మా అమ్మాయి ఆయనను అడిగింది. "తాతయ్యా, మన నీళ్ళు మొదలయ్యే చోటు నువ్వు చూశావా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "బస్సులోంచి చూశాను తల్లీ. దిగి చూడలేదు" అన్నారు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఆయనొక్కరే కాదు, మేమందరమూ అంతే. మాకు రాజమండ్రి అంటే రైలెక్కే ఊరు, పెద్ద డాక్టరుకు చూపించుకునే ఊరు, పెళ్ళి బట్టలు కొనే ఊరు. పొద్దున్నే వెళ్ళి పని చూసుకొని చీకటి పడేలోగా తిరిగి వచ్చేస్తాం. తెలుగులో మొదటి కావ్యం మొదలైన ఊరది, మా అన్నం మొదలయ్యే ఊరది. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా ఆ ఊరిని చూడటం కోసమే నేను ఒక్కసారీ వెళ్ళలేదు. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం అంటున్నారు. మా నోటికి మాత్రం రాజమండ్రే వస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళాలనుకున్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, కనుమా ముక్కనుమా రెండూ వెళ్ళనిచ్చి మర్నాడు బయలుదేరేలా ముహూర్తం పెట్టుకున్నాం. జనవరి ఎంచుకోవడానికి నాకు వేరే కారణాలూ ఉన్నాయి. దాళ్వా, అంటే రెండో పంట నాట్ల కాలం కాబట్టి కాలువలు నిండుగా ఉంటాయి, గోదావరి మాత్రం నెమ్మదిగా ఉంటుంది, ఎండ ముసలివాళ్ళను బాధించదు. వేసవిలో వెళితే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, పిల్లలకు ఎండిన కాలువ అడుగు తప్ప ఏమీ కనిపించదు. ఆగస్టులో వెళితే నది గొప్పగా ఉంటుంది కానీ ఘాటు మెట్ల దగ్గరకు వెళ్ళనివ్వరు. "ఆగస్టులో అయితే పులస దొరుకుతుంది వదినా" అని మా మరిది బతిమాలాడు. పులస వరద రోజుల్లోనే సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీది వస్తుంది, జనవరిలో దాని మాటే ఉండదు. అందుకోసం అత్తయ్యగారిని వానలో తిప్పలేనని చెప్పేశాను. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఆ రద్దీకి ముందే ఊరిని తీరిగ్గా చూడాలని కూడా నా కోరిక.

మా వారు ఒక కాగితం మీద పదిహేడు చోట్ల పేర్లు రాశారు. నేను పెన్సిలు తీసుకొని కొట్టివేయడం మొదలుపెట్టాను. పాపికొండలు కొట్టేశాను, దానికి ఒక రోజంతా కావాలి. అన్నవరం కొట్టేశాను, అది మరో ప్రయాణం. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి, మా అబ్బాయికి ఆరేళ్ళు. ఈ ఇద్దరి ఓపిక ఎంతవరకో ప్రయాణం అంతవరకే అనుకున్నాను. మధ్యాహ్నం లోపల రెండు చోట్లు, భోజనం చేసి నాలుగింటి దాకా పడక, సాయంత్రం ఒక్క చోటు. ఈ పద్ధతికి మా వారు మొదట ఒప్పుకోలేదు, అంత దూరం వెళ్ళి పడుకోవడమేమిటన్నారు. రెండో రోజు అందరికన్నా ముందు నిద్రపోయింది ఆయనే.

మొదటి రోజు

ఉదయం ఆరున్నరకు కారులో బయలుదేరాం. మంచు ఇంకా కొబ్బరి మట్టల మీదే ఉంది. గన్నవరం అక్విడక్టు దగ్గర మావయ్యగారు బండి ఆపమన్నారు. కింద వైనతేయ పాయ, పైన మా కాలువ. నదిని దాటించడానికి కాలువకే వంతెన కట్టారన్న మాట. పాత అక్విడక్టు 1850ల నాటిది, 49 ఖానాలు, అంటే కమానులు. దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఏ వేళప్పుడు ఎవరు తలుపు తట్టినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, ఈ లంకల గన్నవరమే ఆవిడ ఊరు. నీళ్ళను మోసే కట్టడానికి అన్నం పెట్టిన మనిషి పేరు పెట్టినవాళ్ళకు మా అత్తయ్యగారు అక్కడ నిలబడే దణ్ణం పెట్టారు.

రావులపాలెం దాటి కాలువ గట్టు రోడ్డు పట్టుకున్నాం. లొల్ల లాకుల దగ్గర పిల్లలు దిగి పరుగెత్తారు. ఇక్కడే ప్రధాన కాలువ చీలి కోనసీమలోకి తలో దారి పడుతుంది. పెద్ద చెట్ల నీడ, గేట్ల కింద నుంచి తెల్లగా ఉరికే నీళ్ళ చప్పుడు. మావయ్యగారు అమ్మాయికి లాకు పనిచేసే తీరు చెప్పారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు, ముందు వైపు నుంచి నీళ్ళు వదిలితే పడవ నీటితో పాటే మెట్టెక్కినట్టు పైకి లేస్తుంది, రెండు వైపులా నీరు సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. తన చిన్నప్పుడు ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు ఇలాగే వెళ్ళేవని, గట్టు మీద నడుస్తూ మనుషులు తాడు భుజాన వేసుకొని లాగేవారని చెప్పారు. అమ్మాయి ఆ చెక్క తలుపుల బొమ్మ తన పుస్తకంలో గీసుకుంది. అక్కడ మేము అనుకున్నదానికన్నా గంట ఎక్కువ ఉన్నాం. ఆ గంటను వెనక్కి లాక్కోవాలని నేను ప్రయత్నించలేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనకుండా ముందుకు వెళ్ళడం కుదరదు. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చని బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను ఒక్క విసురులో పరవడం, కన్ను మూసి తెరిచేలోపు కాగితంలాంటి రేకు. ఆ రేకు తీసిన అమ్మగారి వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. 2023లో ఈ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గౌరవం ముందు ఈ వేళ్ళకే చెందాలి. బెల్లం వేసినవి రెండు పెట్టెలు తీసుకున్నాం.

బొబ్బర్లంక. మధ్య డెల్టా కాలువ పుట్టేది ఇక్కడే. తూము దగ్గర మావయ్యగారు కారు దిగి, చెప్పులు విడిచి, కటకటాలు పట్టుకొని నిలబడ్డారు. నదిలోంచి నీరు తిరిగి కాలువలోకి దిగే చోట చిన్న సుడి తిరుగుతోంది. ఎవరం పలకరించలేదు. కొంతసేపటికి ఆయనే అన్నారు: "ఫోనులో రోజూ ఇక్కడి లెక్క వినేవాడిని. ఇంత నీరు వదిలాం, రాసుకో అనేవారు. ఆ మాట ఇక్కడి నుంచి వచ్చేదన్న మాట."

అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా ధవళేశ్వరం వైపు నడిపించాం. గోదావరి మధ్యలో లంకలు ఉండటం వల్ల ఆనకట్ట నాలుగు ముక్కలుగా ఉంటుంది: ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం. గేట్లు వరుసగా 70, 43, 23, 39, మొత్తం 175. మేము దాటింది ర్యాలీ, ధవళేశ్వరం భాగాలు. అమ్మాయి లెక్కపెట్టి 109 అంది, తమ్ముడు మధ్యలో మాట్లాడించడం వల్ల నాలుగు తప్పిపోయాయట. ఈ రెండు భాగాల కింద పారేది గౌతమి, అవతలి రెండింటి కింద పారేది వశిష్ఠ. కోనసీమ ఈ రెండు పాయల ఒడిలోనే ఉంది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. ఇక్కడ కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆర్థర్ కాటన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1803లో పుట్టాడు. గోదావరి ప్రాంతం ఒకవైపు కరువులతో, మరోవైపు వరదలతో చితికిపోతున్న రోజుల్లో నదికి ఆనకట్ట కట్టవచ్చని పై వాళ్ళను ఒప్పించాడు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. ధవళేశ్వరం కొండ రాయే ఆనకట్టలోకి వెళ్ళింది. వీణం వీరన్న అనే మన ఇంజనీరు ఆయనకు కుడిభుజంగా ఉండి కూలీలను కూడగట్టాడు. ఆ పేరు మా అమ్మాయి పాఠంలో లేదు, ఉండాలని నా కోరిక. ఇప్పుడున్న బ్యారేజీ 1970లో మొదలై 1982 నాటికి తయారైంది. దాని కింద పది లక్షల ఎకరాల పైచిలుకు సాగవుతోంది. కోనసీమలో ఊరూరా కాటన్ విగ్రహం ఎందుకుందో, స్నానం చేస్తూ ఆయనను భగీరథుడని తలుచుకునే శ్లోకం పెద్దవాళ్ళ నోట ఎందుకుందో ఇక్కడి నమూనాల ముందు నిలబడితే పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

నీటి మట్టం కొలిచే చోటును మావయ్యగారు చూపించారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వానాకాలంలో టీవీలో ఈ అంకెలు వినగానే మా ఇంట్లో ధాన్యం బస్తాలు అటక ఎక్కుతాయి. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందని, కొలువులో చేరిన కొత్తలో ఆ వారం రోజులూ ఇంటి ముఖం చూడలేదని చెప్పారు. అత్తయ్యగారు మెల్లగా అందుకున్నారు: "మీరు గట్టు మీద ఉన్నారు. నేను చంటిబిడ్డతో బడి మేడ మీద ఉన్నాను." ఆ చంటిబిడ్డ మా వారు. ఈ సంగతి నేను ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను.

బస దగ్గర ఒక ఇబ్బంది ఎదురైంది. గోదావరి గట్టుకు దగ్గరని ఒక హోటల్లో గదులు మాట్లాడుకున్నాం. తీరా వెళితే గదులు రెండో అంతస్తులో, లిఫ్టు పనిచేయడం లేదు. ఫోనులో అడిగినప్పుడు ఉందని చెప్పారు, పనిచేస్తోందా అని నేను అడగలేదు. అరగంట వాదన తరవాత కింద ఒక గది ఖాళీ చేయించి అత్తయ్యగారికి, మావయ్యగారికి ఇచ్చారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఈ ఒక్క ప్రశ్నా తప్పకుండా అడగండి.

సాయంత్రం పుష్కర ఘాటుకు నడిచాం. చీకటి పడుతుండగా హారతి. అంచెల దీపాలు ఒక్కసారిగా లేచినప్పుడు నీళ్ళు కూడా వెలిగాయి. అబ్బాయి వాళ్ళ తాతయ్య భుజం మీద కూర్చొని గంటలు ఆగేదాకా రెప్ప వేయలేదు. జనం సర్దుకున్నాక అత్తయ్యగారు చివరి మెట్టు మీద కూర్చొని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు. నొప్పి తగ్గిందంటే నమ్మాను.

రెండో రోజు

ఉదయం ఇడ్లీలు తిని కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్ళాం. ఈ యాత్రలో నేను కాగితం మీద మొదట రాసుకున్న పేరు ఇదే. 1848లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1919లో పోయారు. తెలుగులో తొలి నవలగా చెప్పే 'రాజశేఖర చరిత్రము' ఆయనదే. అయినా ఆయనను తలుచుకోవలసింది మరొక పనికి. 1881 డిసెంబరు 11న తెలుగునాట మొట్టమొదటి వితంతు వివాహం ఆయన జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసి వంట చేశారు.

ఈ కథ నాకు బడి పుస్తకం ద్వారా తెలుసు. కానీ ముందు రోజు సాయంత్రం గోదావరి మెట్లు ఎక్కీ దిగీ వచ్చినదాన్ని కాబట్టి, ఆ గదిలో నిలబడితే బిందె బరువు మొదటిసారి అర్థమైంది. పెళ్ళివారందరికీ సరిపడా నీళ్ళంటే ఎన్నిసార్లు తిరిగి ఉంటారు! దారిలో ఎన్ని గుమ్మాలు ఆమెను చూసి మూసుకొని ఉంటాయి! పుస్తకాల్లో వీరేశలింగం గారికి పేజీలు ఉంటే ఆవిడకు రెండు వాక్యాలు ఉంటాయి. అది నాకు న్యాయంగా తోచదు.

అత్తయ్యగారు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను. బయటికి వచ్చాక అరుగు మీద కూర్చొని చెప్పారు. వాళ్ళ నాయనమ్మకు చెల్లెలు ఉండేదట. తొమ్మిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట భర్త పోయాడు. ఆ తరవాత అరవై ఏళ్ళు తల మీద ముసుగుతో వంటింట్లోనే బతికింది. పండగనాడు పేరంటం జరుగుతుంటే పెరట్లో జామచెట్టు కింద కూర్చునేదట. "నాకు జడ వేసింది ఆవిడే. పూలు మాత్రం తన చేత్తో పెట్టేది కాదు, అమ్మను పెట్టమనేది. ఎందుకో అప్పుడు తెలియలేదు" అన్నారు. అమ్మాయి మామ్మ ఒళ్ళో తల పెట్టుకొని వింది. "ఆవిడ ఈ ఊరు వచ్చేస్తే బాగుండేది కదా" అంది. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

తరవాత దామెర్ల రామారావు చిత్రశాల. ఆ పేరు మా వారికి తెలియదు, నాకూ అంతంత మాత్రమే. 1897లో ఈ ఊళ్ళో పుట్టారు. ఇక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి చిత్రకళాశాలకు పంపించారు. తిరిగి వచ్చి ఈ ఊళ్ళోనే చిత్రకళ నేర్పారు. 1925లో మశూచి వచ్చి ఇరవై ఎనిమిదో ఏట పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు! 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'నంది పూజ' వంటి చిత్రాల ముందు నిలబడితే ఆ వయసు నమ్మశక్యం కాదు. ఆడవాళ్ళ భుజాల వంపులో, చీర మడతల్లో ఎక్కడా తొందర లేదు. ముందు రోజు లాకు తలుపులు గీసుకున్న మా అమ్మాయి 'పుష్పాలంకరణ' ముందు నేల మీద కూర్చొని పెన్సిలు తీసింది. అక్కడున్న ఉద్యోగి కుర్చీ తెచ్చి వేశారు. ఆ మర్యాదకు ఆయనకు రుణపడి ఉన్నాం.

మధ్యాహ్నానికి ముందు మరొక ప్రదర్శనశాల కూడా చూడాలనుకున్నాం. గేటుకు తాళం ఉంది. వారపు సెలవు ముందుగా కనుక్కోలేదు. కొన్ని మ్యూజియాలకు ఆదివారం కాకుండా వేరే రోజు సెలవు ఉంటుంది, రోజుల వరుస వేసుకునే ముందే కనుక్కోవాలి. బదులుగా మెయిన్ రోడ్డులో చల్లని రోజ్‌మిల్క్ తాగి గదికి చేరాం. గులాబీ రంగు మీసాలతో అబ్బాయి ఒక్క చోటు తగ్గినందుకు సంతోషించాడు.

నాలుగున్నరకు లేచి గౌతమీ గ్రంథాలయం చూశాం. వాసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం కలిసి ఏర్పడిన సంస్థ ఇది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. పాత పుస్తకాల వాసన, పేపరు చదువుకునే పెద్దవాళ్ళు. మావయ్యగారు అక్కడి బల్ల దగ్గర అరగంట కూర్చున్నారు. మెయిన్ రోడ్డులోని పాత మసీదుకు 1324 నాటి పారశీక శాసనం ఉందని మా వారు చదివి చెప్పారు. చాళుక్యుల రాజధాని మీదుగా తుగ్లకులు, రెడ్డి రాజులు, గజపతులు, ఆ తరవాత తెల్లవాళ్ళు ఎందరో నడిచారు. కోట మాత్రం కోటగుమ్మం అనే పేరులో మిగిలింది.

పొద్దు వాలే వేళకు మళ్ళీ గోదావరి గట్టు. ఈసారి వంతెనల కోసం. 1900లో రైళ్ళు మొదలైన పాత హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. అదే ఏడాది 28 విల్లులను వరుసగా నిలబెట్టినట్టున్న కాంక్రీటు వంతెన మీదికి రైళ్ళు మారాయి. 1974 నాటి జోడు వంతెనపై కింద రైలు, పైన బస్సులు. నాలుగోది 2015లో వచ్చింది. నేను కోడలిగా ఈ జిల్లాకు వచ్చింది ఈ విల్లుల వంతెన మీదే. రైలు నది మీదికి రాగానే పెట్టెలో అందరూ లేచి కిటికీల దగ్గర చేరడం, మా అమ్మ నా చేతిలో రూపాయి బిళ్ళ పెట్టి గోదావరి తల్లికి వెయ్యమనడం గుర్తుంది. ఆ సాయంత్రం గట్టు మీద నుంచి రైలు వెళ్ళడం చూస్తూ, అందులో ఎవరో పిల్ల కిటికీ దగ్గర ఉండే ఉంటుందని చెయ్యి ఊపాను.

అత్తయ్యగారు ఎస్సెస్సెల్సీ దాకా చదివారు, భారతం పద్యాలు ఆవిడకు కంఠతా వచ్చు. ఈ ఒడ్డునే పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు కోరగా నన్నయ భారతాన్ని తెలుగులో మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తి చేసి, అరణ్య పర్వం మధ్యలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. దాదాపు మూడు వందల ఏళ్ళ తరవాత ఎర్రన అక్కడి నుంచే అందుకొని, శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. ఆవిడ ఆ రెండు పద్యాలూ ఒకదాని వెంట ఒకటి చదివారు. రాత్రి పద్యం, తెల్లవారు పద్యం. పక్క మెట్టు మీద పల్లీలు అమ్ముకునే ముసలాయన బుట్ట కింద పెట్టి విన్నారు. అయ్యాక "మళ్ళీ చదవండమ్మా" అన్నారు. ఆవిడ మళ్ళీ చదివారు.

మూడో రోజు

వచ్చిన దారినే తిరిగి వెళ్ళకూడదని ముందే అనుకున్నాం. గౌతమిని ఒక చోట దాటి వచ్చాం, మరో చోట దాటి ఇంటికి వెళదామన్నది మా వారి ఆలోచన. ఆయన కాగితంలో నేను కొట్టివేయనిది ఇదొక్కటే.

కడియం నర్సరీల మధ్య కాసేపు ఆగి ఒక సంపెంగ మొక్క కొన్నాం. తరవాత బిక్కవోలు. తూర్పు చాళుక్యుల కాలపు గుడులు ఇక్కడ రోడ్డు పక్కన, పొలాల మధ్య అలాగే ఉన్నాయి. గోడల మీద బొమ్మలు ఎండకు రంగు తేలాయి. ఇక్కడి వినాయకుడి చెవిలో కోరిక చెప్పుకుంటారు. అబ్బాయి ఎత్తుకోమని, చెవి దగ్గర చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పావని ఎవరమూ అడగలేదు.

రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం చేరేసరికి పదకొండు. పంచారామాల్లో ఇదొకటి, మాణిక్యాంబ అమ్మవారి శక్తిపీఠం కూడా. భీమేశ్వరుడి లింగం రెండు అంతస్తుల ఎత్తు. కింద నుంచి మొదలు చూసి, మెట్లెక్కి పైన శిరసును దర్శించుకోవాలి. అత్తయ్యగారు కిందే ఉంటారని నేను లెక్క వేసుకున్నాను. ఆవిడ మావయ్యగారి చెయ్యి పట్టుకొని ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కారు. పైన ఆవిడ ముఖం చూశాక నా లెక్కలు నేను పక్కన పెట్టాను.

ఈ గుడిలో గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలు ఉన్నాయి. చాలా వాటిలో ఉన్నది యుద్ధాల గొప్ప కాదు. అఖండ దీపం ఆరకుండా ఉండటానికి నెయ్యి కోసం ఫలానావారు ఇన్ని గొర్రెలను ఇచ్చారన్న లెక్క. మావయ్యగారు ఆ రాళ్ళను చేత్తో తడిమారు. "మన గేజీ పుస్తకంలాగే ఉంది. ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు" అన్నారు. శాసనాల గురించి అంతకన్నా బాగా చెప్పిన మాట నేను వినలేదు.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కాం. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటు మీద మా కారు, నాలుగు మోటారు సైకిళ్ళు, అరటి గెలల బండి, ఒక దూడ. గౌతమి ఇక్కడ ఎంత వెడల్పో! ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. నడిమధ్యకు వచ్చాక అమ్మాయి వంగి నీళ్ళు ముట్టుకుంది. "ఇవి మనం మొన్న చూసిన గేట్లలోంచి వచ్చినవే కదా తాతయ్యా?" అంది.

"ఇవి సముద్రానికి వెళ్ళేవి. మనకు వచ్చేవి కాలువలో ఉన్నాయి" అన్నారు ఆయన. పూతరేకుల పెట్టెలో మిగిలిన రెండింటినీ పంటు నడిపే అబ్బాయితో పంచుకున్నాం.

ముక్తేశ్వరంలో దిగి, గన్నవరం అక్విడక్టు మళ్ళీ దాటి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. సంపెంగ మొక్కకు నీళ్ళు పోస్తుండగానే ఎదురింటి రైతు గేటు దగ్గరకు వచ్చారు. మూడు రోజులుగా చేను నెర్రెలు ఇస్తోందట. వంతు ఎప్పుడని కంగారుగా అడిగారు.

మావయ్యగారు అరుగు మీద కూర్చొని కాళ్ళు కడుక్కుంటున్నారు.

"బొబ్బర్లంక దగ్గర నిండుగా ఉంది. లొల్ల దగ్గర కూడా నిలబడి చూశాను. గన్నవరం ఇప్పుడే దాటి వచ్చాం, అక్కడా బాగానే ఉంది. ఎల్లుండి తెల్లారేసరికి మన చేలో ఉంటాయి, నారు తీసి పెట్టుకో" అన్నారు.

ఆయన నిశ్చింతగా వెళ్ళిపోయారు. మావయ్యగారు తువ్వాలుతో పాదాలు తుడుచుకొని, అమ్మాయిని పిలిచి, ఆ లాకు తలుపుల బొమ్మ తెమ్మన్నారు. ఒక గీత తప్పుగా ఉందట, దిద్దాలట.